వెలుతురుకు ఎత్తి చూసే అక్క

ఏ గుడ్డ చేతికొచ్చినా అక్క ఒక కన్ను మూసి, వెలుతురుకు ఎత్తి చూసేది. సిరిసిల్ల మరమగ్గాల మధ్య పెరిగిన అలవాటు. మా ల్యాబులో డార్క్ మ్యాటర్ కణం తగిలితే మిణుకుతుందని చీకట్లో ఉంచిన స్ఫటికానికి కప్పే నల్లగుడ్డనూ అట్లాగే వెతికేది, ఎక్కడైనా చిల్లుందేమోనని. నాది కోరుట్ల అని తెలిసినప్పటి నుంచి నన్ను తమ్మీ అనేది.

స్ఫటికంలో మిణుకు కనిపించిందని అందరం మిఠాయిలు పంచుకున్న రోజు ఆమె ఒక్కతే తినలేదు.

"అది డార్క్ మ్యాటర్ గాదు తమ్మీ. వెలుగును పట్టే సెన్సరే వేడికి ఉత్తగ మిణుకు చూపెడుతున్నది."

నెలల తరబడి కూర్చుని ఆ సెన్సరును చల్లబరిచి, బాగుచేసింది. మిణుకు మాయమైంది. సంబరం చెడగొట్టిందని ల్యాబు నడిపే సార్ ఆమెను ప్రాజెక్టులోంచి తీసేశాడు. బాగుపడ్డ సెన్సరు మీద మాత్రం పరిశోధన పేపరు వేశాడు. అందులో ఆమె పేరు లేదు, నాది ఉంది. నేను నోరు మెదపలేదు.

మొన్న జగిత్యాల కాలేజీలో ఆ సెన్సరు గురించే ఉపన్యాసమిచ్చి శాలువా కప్పించుకున్నాను. అక్కడే పాఠాలు చెబుతున్న అక్క చివరి వరుసలోంచి లేచి వచ్చింది. నా భుజం మీది శాలువా తీసి, ఒక కన్ను మూసి, కిటికీ వైపు ఎత్తి పట్టింది.

"తప్పు దొరికిందా అక్కా?" అన్నాను నవ్వబోయి.

"దీంట్ల ఏం తప్పు లేదు తమ్మీ. కప్పుకో."