ఎనిమిది గంటల మస్టరు

కొమరయ్య సారు పరుగు పూర్తిచేశారు. పూర్తిచేయలేదని ఆ పరుగు పెట్టిన పట్నంవాళ్లు రాసుకున్నారు. ఆయనను నలభై నిమిషాలు కదలనీయకుండా నిలబెట్టి, ఆ నలభై నిమిషాలనూ ఆయన పరుగులోనే కలిపారు.

ఈ ఉదయం ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో మనవరాలు మోకాళ్లకు రాసుకున్న నొప్పి మందు వాసన తగలగానే ఆయనే గుర్తొచ్చారు. మా బొగ్గు గనిలో సారు మస్టరు గుమాస్తా. దిగేవాళ్ల హాజరు రాయడం ఆయన పని. బడి ముఖం చూడని నాకు షిఫ్టు అయ్యాక ఆ రిజిస్టరులోని పేర్లతోనే అక్షరాలు నేర్పారు. మొదట నా పేరు కాదు, పక్కవాడి పేరు రాయించారు. "నీ పేరు తప్పువోతే నువ్వే అడుగుతవ్ లింగయ్యా. వానిది తప్పువోతే వానికి తెల్వనే తెల్వదు" అన్నారు. ఇప్పటికీ ఏ జాబితా చూసినా ముందు పక్కవాడి పేరే వెతుకుతాను. గనిలోకి మనుషులు జట్లుగా దిగేవారు. ఆఖరి జట్టు దిగేసరికి ఆలస్యమైందని ఆయన ఏనాడూ వాళ్ల మస్టరు కోయలేదు. నిలబెట్టింది గని, తప్పు వాళ్లది కాదు కదా అనేవారు.

పొద్దున్నే మోకాళ్లకు అలాంటి మందే రాసుకుని భద్రాచలం రోడ్డు మీద, అడవి పొడవునా, ఆయన ముందు, నేను వెనక పరుగెత్తేవాళ్లం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే గనికి వస్తున్న రోజులు. పట్నంలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు ఉందని సారు పేపర్లో చూశారు. పూర్తిచేసినవాళ్ల జాబితాలో తన పేరు అచ్చులో చూసుకోవాలని ఆశ. ముప్పై ఏళ్లు అందరి పేర్లూ రాసిన మనిషి.

ఫారం నన్నే నింపమన్నారు. ఎంత సమయం పడుతుందని ఒక గడి. గనిలో షిఫ్టు లెక్కన ఎనిమిది గంటలకు తక్కువ రాస్తే సగం మస్టరే పడుతుందని తోచి, ఎనిమిది రాశాను. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టని మనిషి, నా రాత అని చదవకుండానే పెట్టారు.

తొక్కిసలాట కాకుండా అక్కడ ఫారంలో రాసిన సమయాన్నిబట్టి జట్లు కట్టి, ఒకదాని తర్వాత ఒకటి వదిలారు. సారును, కబుర్లాడుతూ నడిచేవాళ్లతో కలిపి ఆఖరి తాడు వెనక నిలబెట్టారు. గడియారం మాత్రం మొదటి జట్టుతోనే మొదలైంది. గడువు మూడున్నర గంటలు. తన వంతు వచ్చి కదిలాక మూడే గంటల్లో వచ్చారు సారు. అప్పటికే ఒక పనివాడు ముగింపు గీత మీది కమాను బట్ట మడుస్తున్నాడు, టైం అయిపోయిందన్నాడు. సారు చెమట తుడుచుకుని, "ఆ కొస నాకియ్యి బిడ్డా. ఒక్కనివే మడిస్తే మట్టి అంటుతది" అని చేయి చాచారు.

తిరుగు బస్సులో ఫారం సంగతి చెప్పేశాను. "ఎనిమిది గంటలా? సద్ది డబ్బా గూడ రాయకపోయినవ్" అని నవ్వి, కిటికీ వైపు తిరిగారు. మా వైపు కూసుమంచి వచ్చేదాకా ఇటు చూడలేదు.

నేను పట్నానికి మూడు ఉత్తరాలు రాశాను, మూడింటిలోనూ తిట్లే. జవాబు లేదు. ఈలోగా సారు పోయారు. నాలుగో ఉత్తరంలో తిట్టలేదు. ఎనిమిది అని రాసిన చేయి నాదేనని, ఆయన పేరు జాబితాలో ఎక్కించమని అడిగాను. ఆయన లేరని మాత్రం రాయలేకపోయాను. దానికి జవాబు వచ్చింది:

"అయ్యా, ఆ ఏటి జాబితా ఇక మార్చలేము. ఇప్పుడు ఎవరు ఎప్పుడు బయలుదేరే గీత దాటితే వారి సమయం అప్పుడే మొదలవుతుంది. కొమరయ్యగారికి ఈసారి మొదటి జట్టులో చోటు ఉంచాము. ఆయన పరుగు నంబరు వేరొకరికి ఇవ్వము. ఆయనే వచ్చి తీసుకోవాలి."