ఎడ్లు ఆగిన చోట

నా చిన్నప్పుడు, ఇంకా నిజాం ఏలుబడి నడుస్తున్న రోజుల్లో, ఒక ఎండాకాలం నేనూ పక్కింటి అక్కా కలిసి దుకాణం పెట్టాం. దుకాణమంటే మా ఇంటి ముందు వేపచెట్టు నీడ, ఒక గోనెపట్టా, కుండ నిండా ఉడకబెట్టి తాలింపు వేసిన బొబ్బర గుడాలు, పక్కన మోదుగాకు దొప్పలు. వరంగల్ మార్కెట్టులో మిర్చి అమ్ముకుని ములుగు వైపు తిరిగిపోయే ఎడ్లబండ్లన్నీ మా వాకిలి ముందు నుంచే పోయేవి. బండ్లవాళ్లు ఆకలి మీద ఉంటారు, ఎగబడి కొంటారు అనుకున్నాం. ఆ సంబరంలో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

మొదటి రోజు గొంతు పోయేలా అరిచాం. బండ్లవాళ్లు మమ్మల్ని చూసి నవ్వారు, కొందరు చెయ్యి ఊపారు, ఒక్కరూ ఆగలేదు. సాయంత్రానికి గుడాలు పాసిపోయి బర్రె పాలయ్యాయి. నాయనమ్మ ప్రాణం ఉసూరుమంది.

"రేపు గూడ బర్రెకే పెడితే ఇగ దుకాణం బంద్. ఇంట్ల కూసొని కండెలు సుట్టున్రి," అంది.

మాది నేత ఇల్లు. సెలవులన్నీ రాట్నం ముందే గడిచిపోతాయని తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

మా తాతయ్య మగ్గం మీద కూర్చుని అంతా విన్నాడు. మర్నాడు పొద్దున్నే పాత కుడితి గోలెం దొర్లించుకొచ్చి చెట్టు పక్కన నిలబెట్టి, బావి నీళ్లతో నింపమన్నాడు.

"గుడాలమ్ముడు ఇడిసిపెట్టి ఎడ్లకు నీళ్లు పోసుడేంది తాతా?" అన్నాను ఉక్రోషంగా.

"నిన్నంత బండోణ్ణి పిలిసిన్రు. బండి ఆపేది వాడా, ఎడ్లా? జర సూడు బిడ్డా."

మొదటి బండి రానే వచ్చింది. ఎడ్లు నీళ్లను చూడగానే మెడలు తిప్పి గోలెం వైపు నడిచాయి. బండి మనిషి పగ్గం గుంజాడు, తిట్టాడు, అవి వింటేనా. చివరికి దిగి, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ మా కుండ వైపు చూశాడు.

"ఎడ్లకు ముఫత్, నాకేమో పైసలా?"

"ఎడ్లకు జేబులుండయి గద మామా," అంది అక్క.

ఆయన పగలబడి నవ్వి రెండు దొప్పలు పెట్టించుకున్నాడు. ఈలోగా వెనక ఇంకో బండి, దాని వెనక ఇంకోటి. అక్క దొప్పలు నింపుతుంటే నేను నీళ్లు తోడుతూ, అందిస్తూ ఉరుకులు పెట్టాను. నాయనమ్మ ఖాళీ కుండలోకి తొంగిచూసి, లోపలికెళ్లి మర్నాటికి బొబ్బర్లు నానబోసింది.

నేను గోనెపట్టా దులుపుతుంటే తాతయ్య మళ్లీ బొక్కెన చేతికిచ్చాడు. గోలెం అడుగంటిందట.

"గుడాలు అయిపోయినయ్ గద తాతా, ఇంక నీళ్లెందుకు?"

"ఆ ముచ్చట ఎడ్లకు తెల్వదు గద బిడ్డా."

చేతులు మండుతున్నా తోడి పోశాను.

ఇప్పుడు నా మనవరాలు ఈ వేసవిలో మా అరుగు మీద నిమ్మకాయ షర్బత్ అమ్ముతానంటోంది. ఎండ, రోడ్డు, ముక్కూమొహం తెలియని జనం, అన్నీ తలుచుకుంటే నాకు భయమే. అయినా వద్దనలేకపోయాను. అరుగు పక్కన ముందు ఒక మంచినీళ్ల కుండ పెట్టమన్నాను. ఎందుకమ్మమ్మా అని అడిగింది. షర్బత్ అయిపోయాక కూడా దాన్ని నింపుతూ ఉండు, తెలుస్తుందన్నాను.