నీళ్లు అడగని గడ్డి

మా మేనత్త పోయింది. డయాలసిస్ చేయించుకుని పలాస నుంచి ఆటోలో తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే పోయింది. ఫోన్ చేసింది మామయ్యే. "మీ అత్త ఎలిపోనాదే" అన్నాడు, అంతే. ఉద్దానంలో ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో మాకు ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లేనేమో అంటారు, కాదేమో అంటారు. మీకు అలవాటైపోయి ఉంటుందిలే అని మాత్రం అనకండి, నాకు ఒళ్లు మండుతుంది.

అత్త జీడిపిక్కల బట్టీలో పప్పు ఒలిచిన మనిషి. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. జబ్బు చేశాక ఆవిడకు అన్నిటికంటే కష్టమైంది సూదులు కాదు, దాహం. రోజుకు ఇన్ని నీళ్లేనని డాక్టరు కొలత పెట్టాడు. దానికి కాపలా మామయ్య. పొద్దున్నే ఒక సీసాలో పోసి ఇచ్చి, బిందెలున్న గదికి గొళ్లెం పెట్టేవాడు. మండు వేసవిలో ఆవిడ "ఒక్క గుక్కెడు" అని బతిమాలితే మొహం తిప్పుకుని "నేదు" అనేవాడు. "ఈ మడిసి నాకు మొగుడు కాడే, కుళాయికి తాళం" అని మాతో చెప్పి నవ్వేది.

డయాలసిస్‌కు వెళ్లిన ఒక రోజు పలాసలో మొక్కల బండి దగ్గర ఒక గడ్డి మొక్కను కొంది. జానెడు ఎత్తు, సన్నటి ఆకులు, బూడిద కలిసిన నీలం రంగు.

"పువ్వా, కాయా? ఆవు కూడా మూతి పెట్టదు. ఏటికే ఇది?" అని మామయ్య సణిగాడు.

"నీళ్లెక్కువైతే సచ్చిపోతాదట. నాలాటిదే. ఇంట్లో నాకో తోడుండొద్దేటి?" అంది అత్త.

చలిదేశపు గడ్డి, మా ఉక్కకు నిలవదన్నారు. ఆవిడ నిలబెట్టింది. మట్టిలో ఇసక ఎక్కువ కలిపి, ఎండెక్కితే అరుగు నీడకు జరిపి, వేలు గుచ్చి చూసి పొడిగా ఉంటేనే తడిపేది. కొబ్బరి తోటల్లో పెరిగినవాళ్లం, మొక్క కనిపిస్తే నీళ్లు పోయకుండా ఉండలేం. చూడ్డానికి వచ్చినవాళ్లు ప్రేమకొద్దీ చెంబు ఎత్తితే కేకలేసేది. "ఒలే, ఆగండే! దాహం మీది, దానిది కాదు."

సాగనంపే ముందు అందరం ఆవిడ నోట్లో నీళ్లు పోశాం. వరసగా, తలా ఇన్ని. ఆ నీళ్లు పెదాల పక్క నుంచి చెవి దాకా కారిపోతుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మామయ్య వంతు వచ్చింది. చెంబు వంచినవాడు ఇక ఆపలేదు. ఎవరో చేయి పట్టుకోవలసి వచ్చింది.

దినాలయ్యాక మళ్లీ వెళ్లాను. కుండీ నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. గడ్డి నడిమధ్య పండిపోయి, మొదలు మెత్తబడింది. మామయ్య ఇంకో చెంబు పట్టుకుని వస్తున్నాడు.

"మావా, పొయ్యకు. కుళ్లిపోతాదని అత్త సెప్పింది కదా!"

ఆయన ఆగాడు.

"నాకు తెల్దేటే? మీ అత్త అడిగినప్పుడల్లా నేదన్నాను. దీనికీ నానే నేదనాలేటే?"

కుండీ వంచి నీళ్లు ఒంపేశాను. అరుగు మీద గాలి తగిలే చోట పెట్టాను. బతుకుతుందో లేదో తెలియదు. నేను బస్సుకు బయల్దేరేటప్పుడు కూడా ఆయన దాని పక్కనే కూర్చుని ఉన్నాడు, నిండు చెంబు ఒళ్లో పెట్టుకుని. ఒక వేలు మట్టిలో గుచ్చి ఉంది.