అమ్మ పేరున మందులు

మా డాక్టరమ్మ నెలిదా ఎచార్త్‌కు రిటైరవ్వాల్సిన వయసు ఎప్పుడో దాటిపోయింది. పెన్షనర్లకిచ్చే బీమా కార్డు వచ్చి సొరుగులో పడి ఉంది. ఆమె స్థానంలో మా ఊరికి రావడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. అందుకని బీపీ పెట్టుకుని కూడా రోజూ పొద్దున్నే వచ్చి కుర్చీలో కూలబడుతుంది. ఆమె దగ్గర రాతకోతలు చూసేది నేను, ఎల్బాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ అని ఊరంతా అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

పూర్వం మందుల చీటీ అంటే గీకి, ముద్ర కొట్టి, చేతిలో పెట్టడమే. ఇప్పుడంతా కంప్యూటరు. రోగి గుర్తింపు నంబరు కొట్టాలి, జబ్బు వెతకాలి, మందు వెతకాలి, ఆపైన డాక్టరమ్మ తన రహస్య సంఖ్యతో సంతకం పెట్టాలి. మధ్యలో నెట్ పోయిందా, మళ్లీ మొదటికి. పైగా తలనొప్పి మాత్ర రాసినా అది ఊరుకోదు, 'మీరు నిశ్చయంగానే రాస్తున్నారా?' అని అడుగుతుంది. "నిశ్చయమే నాయనా, నిశ్చయమే" అంటూ నొక్కుతుంది డాక్టరమ్మ. సాయంత్రానికి ఆమె రోగులతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడి ఉంటుంది.

"కళ్లు మండిపోతున్నాయే ఎల్బా. ఇంకాస్త మాతె టీ పొయ్యి."

"పొద్దుట్నించీ పోస్తూనే ఉన్నాను. మీ కడుపులో ఆ ఆకు చెట్టై మొలుస్తుంది చూడండి."

మా ఊళ్లో ఒక అలవాటుంది. పెన్షను ముసలివాళ్లకు మందులు ఊరికే ఇస్తారు. ఏ బీమా లేని కొడుకో కూతురో జబ్బుపడితే చీటీ అమ్మ పేరున రాయించుకుంటారు. అది తప్పని అందరికీ తెలుసు, చెయ్యనివాళ్లు మాత్రం లేరు. కాగితాల రోజుల్లో ఆ చీటీలు మందుల షాపు అటకెక్కి ఎలకల పాలయ్యేవి, ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు.

ఫాబ్రీసియో ఇటుక బట్టీలో పనిచేస్తాడు. కాల్లో రక్తం గడ్డకట్టి చావు తప్పించుకున్నాడు. ఇక రోజూ రక్తాన్ని పలచగా ఉంచే మాత్ర వేసుకోవాలి. మానేస్తే ఆ గడ్డ ఈసారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టీ యజమాని బీమా కట్టడు. వాళ్లమ్మ ఎర్మినియా, పెద్దావిడ కాబట్టి ఊరందరికీ దోన్యా ఎర్మినియా, వచ్చి డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది.

"నా పేరున కొట్టు తల్లీ. నాకు ఏ రోగమూ లేదు, నా కార్డు ఊరికే పడుంది."

డాక్టరమ్మ ఆవిడ నంబరు కొట్టింది. నిశ్చయంగానేనా అని కంప్యూటరు అడిగింది. నిశ్చయమే అంది.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీసే వేళ, జిల్లా ఆసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు. దోన్యా ఎర్మినియా వంటింట్లో పడిపోయిందట. మూతి వంకరపోయి, మాట పడిపోయిందట. కొడుకే అంబులెన్సులో తీసుకెళ్లాడు. మెదడులో రక్తపు గడ్డ అడ్డుపడింది, దాన్ని కరిగించే ఇంజెక్షను కొద్ది గంటల్లోపే ఇవ్వాలి. కానీ రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లకు అది ఇస్తే మెదడులో రక్తం కారి ప్రాణమే పోవచ్చు.

"ఆ మాత్రలు నావి, అమ్మవి కావు అంటున్నాడు కొడుకు. కంగారులో ఏదో వాగుతున్నాడనుకున్నాం. రికార్డు తెరిస్తే అన్నీ ఆవిడ పేరునే ఉన్నాయి, పోయిన వారం కూడా తీసుకున్నట్టుంది. ఒంట్లో ఆ మందు ఉందో లేదో తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. నేను వాడి మాట నమ్మాలా, మీ సంతకం నమ్మాలా డాక్టర్?"

నేను ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాను. "ఆలోచించి చెప్పండి. మీ సంతకం పోతుంది, ఉద్యోగం పోతుంది."

ఆమె నా చెయ్యి తీసేసింది. "వాడు చెప్పేదే నిజం. ఆవిడ ఒక్క మాత్ర కూడా మింగలేదు. అబద్ధం రాసింది నేను. ఇంజెక్షను ఇవ్వు నాయనా."

"ఇది నేను కేసు షీట్లో రాయాల్సొస్తుంది."

"రాసుకో. ముందు ఇచ్చి రా, తర్వాత తీరిగ్గా రాసుకో."

ఇచ్చారు. దోన్యా ఎర్మినియా బతికింది.

బీమావాళ్లు డాక్టరమ్మ సంతకాన్ని మూడు నెలలు ఆపేశారు. మళ్లీ దొరికితే ఇక శాశ్వతంగా తీసేస్తామన్నారు. ఆ మూడు నెలలూ మా ఊరివాళ్లు షుగరు మాత్రలకు కూడా బస్సెక్కి పట్నం పోయారు. ఏళ్ల తరబడి ఆమె చేత రాయించుకున్నవాళ్లే, "ఈవిడ సత్యవంతురాలు కావడానికి మేమే దొరికామా" అన్నారు. వాళ్లకు నేను చెయ్యాల్సిన మర్యాద చేసి పంపాను. ఫాబ్రీసియోకు మందుల కంపెనీల వాళ్లు వదిలిపోయిన శాంపిళ్లు ఏరి ఏరి ఇస్తూ వచ్చాం. చివరికి బీరువా కూడా ఖాళీ అయింది.

సంతకం తిరిగొచ్చిన రోజు మేము తలుపు తీశామో లేదో, దోన్యా ఎర్మినియా కర్ర ఊనుకుంటూ వచ్చింది. నూనెలో వేయించిన తోర్తా ఫ్రీతా రొట్టెలు వేడి వేడిగా గుడ్డలో మూటగట్టి తెచ్చింది. మాట ఇంకా ముద్దముద్దగానే ఉంది.

"వాడికి మాత్రలైపోయాయి తల్లీ. నా పేరున కొట్టు."

నాకు ఒళ్లు మండింది. "బుద్ధుందా దోన్యా? మొన్న మిమ్మల్ని చంపబోయింది ఆ పేరే కదా!"

"నేనెన్నాళ్లుంటానే ఎల్బా? వాడు చిన్నవాడు."

డాక్టరమ్మ లేచి ఆమెకు కర్ర అందించింది. "మీ పేరున కొట్టను. మీరు ఇంటికెళ్లండి, మాత్రలు సాయంత్రానికి వస్తాయి" అంది.

ముసలావిడ వెళ్లాక సొరుగు లాగి, ఎన్నడూ వాడని తన పెన్షను కార్డు తీసింది. నంబరు చూసుకుంటూ ఒక్కో అంకె కొట్టింది. స్క్రీన్ మీద పేరు చూశాను. నెలిదా ఎచార్త్.

'మీరు నిశ్చయంగానే రాస్తున్నారా?'

"నిశ్చయమే నాయనా."

"డాక్టరమ్మా, మీకసలే బీపీ. రేపు మీరు పడిపోతే?"

"నీకు అంత నోరు దేవుడు ఎందుకిచ్చాడనుకున్నావే? నువ్వు ఫోన్ చెయ్యి. ఆవిడ ఒక్కటీ మింగలేదని చెప్పు. నమ్మేదాకా చెప్పు." ఒక రొట్టె తుంచి నోట్లో వేసుకుని, "తర్వాతి వాళ్లను పంపు" అంది.

జిల్లా ఆసుపత్రి నంబరు ఇప్పుడు నాకు నోటికొచ్చు. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంది, డాక్టరమ్మ కూడా కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతుంది. నేను మాత్రం పడుకోవడం మానేశాను.