మేనత్త చెప్పని పేరు

నా మేనకోడలి పేరు ఇక్కడ రాయను. చెయ్యి రాదు. మా తమ్ముడు ఫోన్లో ఆడే ఆటలో ఒక ఆడమనిషి ఉండేది. రెండు చేతుల్లో తుపాకులు పట్టుకుని అడ్డొచ్చిన వాళ్లనల్లా కాల్చడమే ఆమె పని. పిల్లకు ఆమె పేరే పెట్టాడు.

అమ్మ పోయిన ఏడాదిలోనే మరదలు నీళ్లోసుకుంది. ఆడపిల్లయితే అమ్మ పేరు పెడతానని దవాఖానా వరండాలో వాడు నాకు మాటిచ్చాడు. లోపల మరదలు నొప్పులకు అరుస్తోంది. వాడు తల కూడా ఎత్తలేదు, వేళ్లు ఫోన్ మీద ఆడుతూనే ఉన్నాయి. ఆ మాట నమ్మడం నా తెలివి.

బిడ్డకు పేరు పెట్టే తొట్టెల నాడు కల్లూరులో పొద్దున్నే బస్సెక్కి, ఏన్కూరు దాటి అడవి అంచున ఉన్న మా ఊరికి పోయాను. అమ్మ నూలు చీరతోనే తొట్టెల కట్టాం. మా వైపు బిడ్డ చెవిలో మొదటిసారి పేరు చెప్పేది మేనత్తే. అమ్మ పేరు నాలుక మీద పెట్టుకుని వంగాను. అప్పుడు తమ్ముడు పక్కకు వచ్చి ఆ తుపాకుల మనిషి పేరు చెప్పాడు.

"గిదేందిరా? అమ్మ పేరు పెడతానంటివి గదా."

"గా పాత పేర్లు ఇప్పుడు ఎవరు పెడుతుండ్రక్కా? బిడ్డ పుట్టినప్పుడు ఆ పేరు మీదనే గేమ్ గెలిచిన. లక్కీ పేరు."

అంటే భార్య బిడ్డను కంటుంటే వీడు గేమ్ గెలిచాడు. అది అందరి ముందూ గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఆ పేరు నా నోటితో చెప్పనన్నాను.

"నువ్వు చెప్పకుంటే ఏంది, ఫోనే చెప్తది" అన్నాడు.

పిచ్చి ముదిరింది, తలకు రోకలి చుట్టమన్నట్టు, నిజంగానే ఫోన్ తీసి బిడ్డ చెవి దగ్గర పెట్టాడు. ముందు తుపాకుల మోత, తర్వాత ఎవడిదో బొంగురు గొంతులో ఆ పేరు. పసిగుడ్డు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. వచ్చినవాళ్లు నవ్వారు, కొందరు వీడియో తీశారు. మరదలు బిడ్డను గుండెకు అదుముకుని లోపలికి పోయింది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

ఇప్పుడు పిల్లకు మూడేళ్లు. మొన్న పోయినప్పుడు వాడు అరుగు మీద కూర్చుని ఇంకేదో ఆట ఆడుతున్నాడు. పిల్ల వాడి మోకాలు పట్టి లాగుతుంటే చూడకుండానే "పో" అన్నాడు.

"ఆ తుపాకుల ఆట ఏమైందిరా?"

"ఎప్పుడో తీసేసినక్కా. బోర్ కొట్టింది."

నా తమ్ముడే అయినా అసహ్యమేసింది. పిల్లను ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోయాను. నా పంతం నాది. అమ్మ పేరు చెప్పి, అదే నీ పేరన్నాను.

"గది నానమ్మ పేరు. నాది గది కాదత్తా" అంది. బోర విరుచుకుని తన పేరు చెప్పింది. ఆ చిన్న నోట్లో తుపాకులేవీ వినిపించలేదు.

దాని చెవి దగ్గరికి వంగాను. నోరంతా చేదుగా ఉన్నా, తొట్టెల నాడు చెప్పనన్న ఆ పేరు మెల్లగా చెప్పాను. పిల్ల చక్కిలిగిలి పుట్టి నవ్వింది, రెండో చెవి నా వైపు తిప్పింది.

"మళ్లా చెప్పత్తా."