బ్రైటన్ ప్యాలెస్‌లో మొహమాటం

బ్రైటన్‌లో సముద్రం దగ్గరున్న ఆ పాత రాజుగారి ప్యాలెస్ చూద్దామన్నది మా ఆసుపత్రి వార్డ్ మేనేజర్. రిటైరయ్యే లోపు వార్డు వాళ్ళందరినీ ఒకరోజు ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఆమె సరదా. "నీకు బాగా నచ్చుతుంది, అచ్చం ఇండియాలా ఉంటుంది" అని నాతో ప్రత్యేకంగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఎటు చూసినా మనవాళ్ళే ఉండే స్లౌలో కాపురముంటున్నదాన్ని, ఇండియా చూడ్డానికి బ్రైటన్ దాకా వెళ్ళాలా? మా వీధి చివర కూరగాయల కొట్టుకు వెళ్తే సరిపోదూ! అయినా నవ్వి, తప్పకుండా వస్తానన్నాను.

ఆమెకు నేను డిప్యూటీని. ఎవరికి ఏ డ్యూటీ అని రోటా వేసేది నేను. ఎవరైనా ఒంట్లో బాగాలేదని ఫోన్ చేస్తే ఇంకొకరిని బతిమాలి రప్పించేది నేను. పేషెంట్ పోతే ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చునేదీ నేనే. ఆమె వెళ్ళాక ఆ కుర్చీ నాకే వస్తుందని ఎంత ఆశపడ్డానో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. గుంటూరు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని ఇంగ్లండు వచ్చిన రోజు నుంచీ ఎవరో ఒకరి కిందే పనిచేస్తున్నాను. ఒక్కసారి ఆ గది తలుపు మీద నా పేరు చూసుకోవాలని ఉండేది. దానికోసం ఆదివారాలు చర్చిలో ప్రార్థన కూడా చేయించాను.

మినీబస్సు దిగేసరికి ఎదురుగా గుమ్మటాలు, మీనార్లు. మా వార్డువాళ్ళంతా దాన్ని వదిలేసి నావైపు తిరిగారు. "మీ ఊళ్ళో ఇళ్ళు ఇలాగే ఉంటాయా?" అని అడిగిందొకామె. మాది రేకుల ఇల్లని చెప్పాను. "ఓ, లవ్లీ" అంది.

బయట మన గుమ్మటాలైతే, లోపలంతా చైనా. కట్టించిన ఆ రాజు, అప్పటికింకా రాకుమారుడే, చైనా మొహం చూసినవాడు కాదట. మనసులో ఏది తోస్తే అదే చైనా అనుకుని కట్టించేశాడు. ఎక్కడ చూసినా డ్రాగన్లు, ఎర్ర రంగు, బంగారు పూత. మెట్ల పక్కన వెదురు కటకటాలు ఉంటే చెయ్యి వేశాను. చల్లగా తగిలింది. వెదురులా పోతపోసి రంగు వేసిన ఇనుమది! వెదురే కావాలంటే వెదురు తెప్పించుకోలేకపోయాడా మహానుభావుడు? గోడల మీది చైనా మనుషులందరూ ప్రశాంతంగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ కాళ్ళు నొప్పి పెడుతున్నట్టు లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో దెబ్బలు తిన్న మన సిపాయిలకు దీన్నే ఆసుపత్రి చేశారట. ఆ ఫోటోలు చూపించారు. పెద్ద దీపాల గుత్తుల కింద వరసగా మంచాలు, మంచాల మీద మనవాళ్ళు. మా మేనేజర్ నా పక్కకొచ్చి "చూశావా, మీవాళ్ళను ఎంత బాగా చూసుకున్నామో" అంది. ఎవరి యుద్ధంలో దెబ్బలు తిని వచ్చారో ఆమె ఆలోచించలేదు. నేను మాత్రం నోరెందుకు విప్పుతాను? నాకు కావలసింది ఆమె చేతిలో ఉంది.

భోజనాల గదిలోకి వెళ్ళాం. కప్పు నుంచి పెద్ద డ్రాగన్ వేలాడుతోంది, దాని కిందే దీపాలు. ఎవరో రాజులు ఇప్పుడే వచ్చి కూర్చుంటారన్నట్టు బల్ల నిండా వెండి సామాను సర్దిపెట్టారు. మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయాక ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "నా ఉద్యోగానికి ప్రకటన వస్తుంది. నువ్వు అప్లై చేస్తావా? చేస్తే నీ గురించి పైవాళ్ళతో నేను మాట్లాడతాను" అంది.

మా ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా ఇస్తామంటే వెంటనే చెయ్యి చాపరు. కాఫీ తాగుతారా అంటే, గొంతెండిపోతున్నా, "అబ్బే, ఇప్పుడే తాగి వచ్చామండి" అంటాం. అడిగినవాళ్ళు అక్కడితో ఊరుకోరు. "భలేవారే, కొంచెమే" అంటూ గ్లాసు చేతిలో పెడతారు. ఊరుకుంటే వాళ్ళకే మర్యాద తెలియదంటాం.

నా నోరు కూడా తన అలవాటు ప్రకారం తను పలికేసింది. "అయ్యో, నేనెక్కడ, ఆ పని ఎక్కడ! నా వల్ల ఏమవుతుందండీ? నాకంటే బాగా చేసేవాళ్ళు ఉన్నారు" అన్నాను. లోపల మాత్రం గుండె గంతులేస్తోంది.

ఆమె నా మొహంలోకి చూసి, "సరే. ఉన్నమాట చెప్పావు, థాంక్స్. నిన్ను బలవంతపెట్టను" అని నడిచి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. అమ్మయ్య, వస్తోంది అనుకున్నాను. "ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందో కాస్త కనుక్కుంటావా?" అంది.

కనుక్కుని చెప్పాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. "మంచిపని చేశావు. అడగ్గానే ఎగబడితే చులకనైపోతాం. మళ్ళీ అడుగుతుందిలే, నువ్వు కాక ఎవరున్నారక్కడ?" అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఫోన్ మీంచి తల ఎత్తి "బట్ అమ్మా, యూ సెడ్ నో" అంది. పెద్దవాళ్ళ మాటల మధ్యలోకి రావద్దని కసిరాను.

ప్రకటన వచ్చింది. ఆమె నాతో రోజూ మాట్లాడేది, పేషెంట్ల గురించీ, మందుల గురించీ, తన తోట గురించీ. ఆ ఒక్క మాట తప్ప. గడువు ముగిసే రోజు ఏదో వంక పెట్టుకుని ఆమె గదిలోకి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి, "నీకేమైనా కావాలా?" అని అడిగింది కూడా. ఏం లేదండి అన్నాను. ఇంకేం అంటాను?

ఉద్యోగం నా దగ్గర డ్రిప్ పెట్టడం నేర్చుకున్న అమ్మాయికి వచ్చింది. ఆమెనూ అడిగారట. అడిగిన క్షణాన్నే, తప్పకుండా చేస్తాను, నాకెంతో ఇష్టం అందట. ఆ పిల్ల మంచిదే, నాకు ఆమె మీద కోపం లేదు. మా మేనేజర్ మీద ఉంది. ఇన్నేళ్ళు నా పక్కన పనిచేసి, నేను డబ్బా తెరిచిన ప్రతిసారీ నా పులిహోరలో వాటా తిని, నా మొహం చదవడం నేర్చుకోలేదు. నేను మాత్రం ఆమె కనుబొమ్మ కదిలితే ఏం కావాలో కనిపెట్టేదాన్ని. నేనొక్కదాన్నే ఎందుకు నేర్చుకోవాలి?

ఆఖరి రోజున స్టాఫ్ రూములో కేకు పెట్టారు. అందరి గురించీ తలా ఒక మంచిమాట చెబుతూ ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "మీకందరికీ తెలియాలి, నేను ముందు అడిగింది ఈమెనే" అంది ప్రేమగా.

"ఒక్కసారే అడిగారు" అన్నాను.

గది గదంతా గొల్లున నవ్వింది. ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, నన్ను కావిలించుకుని, నీ జోకులు లేకుండా ఎలా ఉంటానో అంది. తర్వాత కత్తి నా చేతికిచ్చి కేకు అందరికీ నన్నే పంచమంది. మొదటి ముక్క కొత్త మేనేజర్‌కు ఇచ్చాను.