మిగలకూడని చింతగింజ

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మేం కిరాయికి ఉన్న రోజులవి. మనవరాలు పదో తరగతి. "కెమిస్ట్రీ తప్పితే కాలేజీల సైన్సు లేదు, టైపు నేర్చుకో," అని మా అబ్బాయి తేల్చి చెప్పేశాడు. దానికేమో సైన్సు మీదే ప్రాణం. రేపు పరీక్ష అనగా పుస్తకం ముందేసుకుని ముక్కు ఎగబీలుస్తూ కూర్చుంది.

"ఏడిస్తే మార్కులు పడ్తయా? ఏం తెలుస్తలేదో చెప్పు," అన్నాను. నేను చదివింది రెండో తరగతి.

"లోహం బయటి వరుసలున్న ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తది నాయినమ్మా. అలోహం అవి తీస్కొని తన బయటి వరుస ఎనిమిది చేసుకుంటది. రెండు కలిస్తే ఏమైతదో చెప్పాలె. మెగ్నీషియం కాడ రెండున్నయ్. క్లోరిన్ కాడ ఏడు."

చింతపండులో వచ్చిన గింజలు నేనెన్నడూ పారేయలేదు. డబ్బా నిండా ఉన్నాయి. బొగ్గుతో గచ్చు మీద రెండు గుండ్రాలు గీశాను. ఒకదాంట్లో రెండు గింజలు, ఇంకోదాంట్లో ఏడు. "ఒక్కటి పోయినా ఊకోను," అని బెదిరించి మరీ ఇచ్చాను.

ఒక గింజ ఇటు జరిపింది. ఎనిమిది నిండాయి. అటు ఒకటి మిగిలింది.

"మిగిలింది డబ్బాల ఎయ్," అన్నాను అలవాటు కొద్దీ.

"డబ్బాల ఏసుడుండదు. ఇచ్చేటోని కాడ మిగలొద్దు, తీస్కునేటోనికి తక్కువ పడొద్దు."

"గట్లైతే తీస్కునేటోణ్ణి ఇంకొకణ్ణి పిలువవే."

అది నా మొహం చూసింది. బొగ్గు లాక్కుని మరో గుండ్రం గీసింది. "ఒక మెగ్నీషియం, రెండు క్లోరిన్లు. గింతేనా నాయినమ్మా?"

ఆ తర్వాత అల్యూమినియం, ఆక్సిజన్. ఇచ్చేదాని దగ్గర మూడు, తీసుకునేదాని దగ్గర ఆరు. ఒకటి మిగిలిందని రెండో ఆక్సిజన్‌ను పిలిస్తే దానికి ఒకటి తక్కువ. మరో అల్యూమినియాన్ని పిలిస్తే దాని దగ్గర రెండు మిగులు. మూడో ఆక్సిజన్ వచ్చాక గానీ లెక్క కుదరలేదు.

"పెండ్లి భోజనాలా ఏందే, పిలుస్తనే ఉన్నవ్?" అన్నాను. గచ్చంతా మసి. ఇద్దరం నవ్వుకుంటూనే తుడిచాం. గింజలన్నీ డబ్బాలో పడేదాకా దాన్ని కదలనివ్వలేదు.

పరీక్షలో సోడియం, ఆక్సిజన్ ఇచ్చారట; సోడియం దగ్గర ఉండేది ఒకటే. ఒళ్లో వేళ్లు మడిచి చూసుకుని, రెండు సోడియాలకు ఒక ఆక్సిజన్ అని రాసి వచ్చింది. మార్కులు చూశాక మా అబ్బాయి మళ్లీ టైపు మాటెత్తలేదు.

ఆ సాయంత్రం దాన్ని అబిడ్స్ తీసుకెళ్లి, ఐస్‌క్రీం ఒక కప్పు, రెండు చెంచాలు చెప్పాను.

"ఇద్దరికి తక్కువ పడ్తది నాయినమ్మా. ఇంకొకదాన్ని పిలువు," అంది.

పిలిచాను. రెండింట్లోనూ చుక్క మిగల్లేదు.